జోవెట్ జూపిటర్ 1952: పాత రిపేర్లను ఒక్కొక్కటిగా విప్పిన రిస్టోరేషన్

పాత కార్లు వయసు మీద పడి పాడవుతాయని అందరూ అనుకుంటారు. మా వర్క్‌షాప్‌కి వచ్చేవాటిలో మాత్రం వయసు వల్ల చెడినవాటి కంటే రిపేర్ల వల్ల చెడినవే ఎక్కువ. ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్‌లో మేం పూర్తిచేసిన 1952 జోవెట్ జూపిటర్ ఇందుకు మంచి ఉదాహరణ, అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో నాతో పాటు లేత్ మీద పని నేర్చుకున్న మిత్రులు "అక్కడ పాత కార్లకి అంత ఖర్చు పెట్టి ఏం చేస్తార్రా?" అని అడుగుతుంటారు. వాళ్లకీ ఇదే జవాబు.

ముందు కారు గురించి. జోవెట్ అనేది బ్రాడ్‌ఫర్డ్‌లో బెంజమిన్, విలియం అనే అన్నదమ్ములు పెట్టిన చిన్న కంపెనీ. ఫ్యాక్టరీ ఆ ఊరి శివారులో ఐడిల్ అనే చోట ఉండేది, ఇప్పుడు అక్కడ సూపర్‌మార్కెట్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రెండు సిలిండర్ల మొండి కార్లకి, వ్యాన్లకి వీళ్లకు పేరు. 1942లో, యుద్ధం నడుస్తుండగానే, జెరాల్డ్ పామర్ అనే యువ ఇంజనీరును తెచ్చుకుని పూర్తిగా కొత్త కారు గీయించారు. అదే జావెలిన్. 1,486 సీసీ, నాలుగు సిలిండర్లు ఇటు రెండు అటు రెండు అడ్డంగా పడుకునే ఫ్లాట్ ఫోర్ ఇంజన్, అల్యూమినియం క్రాంక్‌కేసు, టోర్షన్ బార్ (స్ప్రింగుల బదులు మెలిపడే కడ్డీల) సస్పెన్షన్. ఆ రోజుల్లో బ్రిటన్‌లో చాలా కంపెనీలు యుద్ధానికి ముందటి మోడళ్లనే తుడిచి అమ్ముతుంటే, ఇంత చిన్న కంపెనీ ఇలాంటిది తేవడం సాహసమే.

యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కు కొరత. ఎగుమతులు చేసేవాళ్లకే ప్రభుత్వం ఉక్కు కోటా ఎక్కువ ఇచ్చేది. అమెరికాలో అమ్ముడయ్యే స్పోర్ట్స్ కారు ఒకటి ఉంటే బాగుంటుందని జావెలిన్ ఇంజన్‌తోనే జూపిటర్‌ను మొదలుపెట్టారు. ఛాసిస్ (కారు అడుగు చట్రం) డిజైన్ చేసింది ఎబెరాన్ ఫాన్ ఎబర్‌హోర్స్ట్. యుద్ధానికి ముందు జర్మనీలో ఆటో యూనియన్ రేసు కార్లు గీసిన ఆస్ట్రియన్ ఆయన, అప్పటికి ఇంగ్లండ్‌లో ఈఆర్ఏ అనే రేసు కార్ల కంపెనీలో ఉన్నాడు. 1950 లెమాన్ 24 గంటల రేసులో జూపిటర్ తన 1,500 సీసీ క్లాసు గెలిచింది. 1951లో, 1952లో మళ్లీ గెలిచింది. అయినా 1950 నుంచి 1954 దాకా మొత్తం తయారైనవి సుమారు 900 మాత్రమే. వాటిలో కొన్ని ఉత్త ఛాసిస్‌లుగా బయటికి వెళ్లి, వేరేవాళ్ల చేత బాడీలు కట్టించుకున్నవి. మా దగ్గరికొచ్చింది ఫ్యాక్టరీ బాడీయే.

యజమాని రిటైర్డ్ టీచర్. కారు వాళ్ల నాన్నగారిది. హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకి, దాని మూత అయిన హెడ్‌కి మధ్య ఉండే సీలు) పోయిందని 1970ల మధ్యలో ఆపేశారట. అప్పటి నుంచి పొలం పక్కన కొట్టంలోనే ఉంది. ఆవిడ అడిగింది ఒక్కటే: కారు నడవాలి, ప్రదర్శనల్లో కప్పులు గెలవక్కర్లేదు. ఇలా స్పష్టంగా చెప్పే కస్టమర్ దొరకడం అదృష్టం. కప్పుల కోసం చేసే పని వేరు, రోడ్డు కోసం చేసే పని వేరు. రెండూ కావాలంటే రెండింటికీ బిల్లు కట్టాలి.

మొదటి పరీక్ష

కారు దిగగానే కడగం. మట్టి, నూనె మరకలు, తుప్పు జారిన గీతలు, ఇవన్నీ సాక్ష్యాలే. ముందు ఫొటోలు, తర్వాత ఛాసిస్ ప్లేటు నంబరు, ఇంజన్ నంబరు, లాగ్‌బుక్ పోల్చి చూడటం. మూడూ కలిశాయి. ఇది చిన్న విషయం కాదు. సగం కార్లలో ఇంజన్ ఏదో జావెలిన్‌ది తెచ్చి వేసి ఉంటుంది.

బాడీ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. రంగు కింద లప్పం ఎంత దట్టించారో తెలుసుకోవడానికి మామూలుగా అయస్కాంతం వాడతాం. అతుక్కుంటే రేకు, జారితే లప్పం. జూపిటర్‌కి పైన అల్యూమినియం రేకు, లోపల ఉక్కు ఫ్రేము. అయస్కాంతం ఎక్కడా అతుక్కోదు. పెయింటు మందం కొలిచే ఎడ్డీ కరెంట్ గేజి ఒక్కటే దారి. తలుపుల కింది అంచుల్లో, వెనక చక్రాల చుట్టూ ఆ గేజి కొలవగలిగే హద్దు దాటిపోయింది. తట్టి చూస్తే లోహం మోత లేదు. ఆ చోట్ల అల్యూమినియమే మిగల్లేదు. ఫైబర్‌గ్లాసు, దాని మీద లప్పం, దాని మీద మూడు రంగులు. అడుగున, డ్యాష్‌బోర్డు కింద, అసలు ఆకుపచ్చ రంగు దొరికింది.

ఇంజన్ తిరగలేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో పల్చటి నూనె పోసి వదిలేశాం. ఇలాంటి ఇంజన్‌ను బలవంతంగా తిప్పితే రింగులు, లైనర్లు (పిస్టన్లు కదిలే గొట్టాలు), ఒక్కోసారి పిస్టన్ స్కర్టు కూడా పోతాయి. విప్పి చూడటమే చౌక.

ఛాసిస్

బాడీ ఎత్తాక అసలు సంగతి బయటపడింది. ఛాసిస్ క్రోమ్ మాలిబ్డినమ్ ఉక్కు గొట్టాలతో కట్టింది. గట్టిది, తేలికైనది, కానీ వెల్డింగ్ విషయంలో పేచీ పెట్టే లోహం. ఎక్కువ వేడి పెట్టి గబుక్కున చల్లారనిస్తే వెల్డు పక్కన లోహం గాజులా పెళుసుబారుతుంది. ముందు వైపు రెండు గొట్టాలు కలిసే చోట ఎవరో ఎప్పుడో మందపాటి ప్లేటు ముక్క వేసి, ఆర్క్ వెల్డింగ్‌తో చుట్టూ కుట్టేశారు. బహుశా చిన్న పగులు కనిపించి ఉంటుంది. ఆ ప్లేటు చివర, వెల్డు ఆగిన చోటు నుంచే, కొత్త పగులు మొదలై గొట్టం చుట్టూ మూడో వంతు దాకా పాకింది. మొదటి పగులు కంటే దాన్ని ఆపడానికి పెట్టిన ప్లేటే పెద్ద ప్రమాదమైంది.

అల్ట్రాసోనిక్ గేజితో అన్ని గొట్టాల మందం కొలిచాం. బయటికి నున్నగా కనిపించే గొట్టం లోపలి నుంచి తుప్పు తినేసి ఉండొచ్చు. సన్నటి కెమెరా పంపించి లోపల కూడా చూశాం. నీళ్లు నిలిచే వెనక మూల ఒక్కటి పల్చబడింది, మిగతావి బాగున్నాయి. ఇక్కడ యజమానితో కాస్త మాట్లాడాల్సి వచ్చింది. కొత్త ఛాసిస్ కట్టించమని ఆవిడకి ఎవరో సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. బ్రిటన్‌లో పాత కారు గుర్తింపు చాలావరకు ఛాసిస్‌తోనే ముడిపడి ఉంటుంది. దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చారని తేలితే రిజిస్ట్రేషన్ నంబరు దగ్గరే చిక్కు వస్తుంది. అంతకంటే ముఖ్యం, దాన్ని పారేయాల్సినంత చెడిపోలేదు.

ప్లేటు, దాని చుట్టూ వేడికి పాడైన భాగం కలిపి కోసేశాం. ఛాసిస్‌ను జిగ్ (కదలకుండా పట్టుకునే చట్రం) మీద బిగించి, మూల నుంచి మూలకి కొలతలు సరిచూసి, అదే మందం గొట్టం ముక్కకి లోపల స్లీవు వేసి, ఐమూలగా కోసిన అంచులతో టిగ్ (గ్యాస్ రక్షణలో సన్నగా వేసే కరెంటు) వెల్డింగ్ చేశాం. అతుకు నిటారుగా ఉంటే బరువంతా ఒకే గీత మీద పడుతుంది, ఐమూలగా ఉంటే గొట్టం పొడవునా పంచుకుంటుంది. వెల్డు చల్లారేదాకా షెడ్డు తలుపులు మూసే ఉంచాం. యార్క్‌షైర్ చలిగాలి తగిలితే మళ్లీ మొదటికే వస్తుంది. చివరికి గొట్టాల లోపల మైనపు పూత.

బాడీ

బిల్లులో పెద్ద భాగం ఇక్కడే. చాలామంది ఇంజన్‌కి ఎక్కువవుతుందని అనుకుంటారు కానీ చేత్తో రేకు సాగదీసే మనిషి గంటలు ఎప్పుడూ ఇంజన్ గంటల్ని దాటిపోతాయి.

అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి తగులుతూ మధ్యలో తేమ చేరితే అది బ్యాటరీలా పనిచేస్తుంది. తినేది అల్యూమినియాన్ని. ఫ్యాక్టరీలో వేసిన పూత డెబ్బై ఏళ్లు ఆగదు. రేకు మడతలు విప్పితే తెల్లటి పొడి రాలింది. ఇంతవరకు వయసు తప్పే. దాని మీద ఫైబర్‌గ్లాసు కప్పడంతో తేమ బయటికి పోయే దారి మూసుకుపోయింది. కప్పకుండా ఉంటే అంచు మాత్రమే పోయేది. కప్పినందువల్ల అరచేయి వెడల్పున పోయింది.

కొత్త రేకు ముక్కలు ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకును నొక్కి వంచే యంత్రం) మీద సాగదీసి చేశాం. అల్యూమినియం సుత్తి దెబ్బలకి గట్టిపడుతుంది కాబట్టి మధ్యమధ్యలో వేడి చేసి మెత్తబరచాలి. ఉక్కులా అది ఎర్రబడదు, ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా కరిగి కారిపోతుంది. అందుకు పాత పద్ధతి ఒకటుంది. మామూలు సబ్బు బిళ్లతో రేకు మీద గీతలు గీస్తాం. మంట చూపిస్తుంటే సబ్బు ముదురు గోధుమ రంగుకి, ఆ తర్వాత నలుపుకి తిరుగుతుంది. అక్కడ ఆపాలి. మా దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కూడా ఉంది, కానీ మెరిసే అల్యూమినియం మీద దాని లెక్క నమ్మలేం. సబ్బే నయం.

అతుకులు గ్యాస్ వెల్డింగ్‌తోనే వేశాం. టిగ్ అయితే పని త్వరగా అవుతుంది, కానీ గ్యాస్ అతుకు మెత్తగా ఉండి సుత్తి కింద రేకుతో పాటే సాగుతుంది. వాడిన ఫ్లక్స్‌ను (వెల్డింగ్‌లో వాడే రసాయనాన్ని) వేడినీళ్లతో రుద్ది కడగాలి. ఒక్క చుక్క మడతలో మిగిలినా రెండేళ్లలో పెయింటు కింద బుడగ లేస్తుంది. ఉక్కు ఫ్రేముకి ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, రేకు తగిలే ప్రతిచోటా వేరు వేరు లోహాల మధ్య పెట్టే జాయింటింగ్ పేస్టు పూసి మడిచాం.

ఈ మోడల్‌లో ముందు రెక్కలతో సహా బానెట్ అంతా ఒకే ముక్కగా పైకి లేస్తుంది. ఇంజన్ పనికి ఇంతకంటే సుఖం లేదు. గ్యాపులు కుదిర్చేవాడికి ఇంతకంటే కష్టం లేదు. కీలు ఒక నూలు కదిలితే ఆ తేడా ముందు గ్రిల్ దగ్గర వేలంత కనిపిస్తుంది. తలుపులు, బానెట్ గ్యాపులు కారు తన చక్రాల మీద, పూర్తి బరువుతో నిలబడ్డాకే సరిచేశాం. స్టాండ్ల మీద కుదిర్చిన గ్యాపు నేల మీదికి దిగాక ఉండదు.

ఇంజన్

జోవెట్ ఇంజన్‌కి చెడ్డపేరు ఉంది. కొంత నిజమే. మొదటి రోజుల్లో క్రాంక్‌షాఫ్ట్‌లు (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసులు) విరిగాయి, హెడ్ గాస్కెట్లు పోయాయి. కంపెనీ వాటిని దిద్దుకుంటూ వచ్చింది. చివరి ఏళ్లలో క్రాంక్‌షాఫ్ట్ వెబ్‌లను (దాని చేతుల్లాంటి భాగాలను) కోలగా మార్చి గట్టిపరిచారు. ఈలోగా గేర్‌బాక్స్‌ల తయారీ సొంతంగా మొదలుపెట్టి అందులో చేతులు కాల్చుకున్నారు, బాడీల సరఫరా ఆగింది, 1954లో ఫ్యాక్టరీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే ట్రాక్టర్ల కంపెనీ చేతికి పోయింది. చెడ్డపేరు మాత్రం మిగిలిపోయింది.

ఇంజన్‌లో లైనర్లు వెట్ రకం, అంటే చుట్టూ నీళ్లుంటాయి. ప్రతి లైనరూ కింద ఒక సీలింగ్ రింగు మీద కూర్చుంటుంది. పైన దాని అంచు బ్లాకు ముఖం కంటే కొన్ని థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పైకి ఉండాలి. హెడ్ బిగించినప్పుడు ఆ అంచే గాస్కెట్‌ను నొక్కిపడుతుంది. లైనరు దిగిపోతే నొక్కు ఉండదు, మంట నీళ్లలోకి దూరుతుంది. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ ఉన్నా అంతే. జోవెట్ పని తెలిసినవాళ్లు గాస్కెట్ పోయిందంటే గాస్కెట్ వైపు చూడరు, ముందు డయల్ గేజి తీసి లైనర్ల ఎత్తు కొలుస్తారు.

కుడివైపు హెడ్ విప్పగానే ఒకదాని మీద ఒకటిగా రెండు గాస్కెట్లు కనిపించాయి. 1970ల్లో కారును ఆపేయించింది ఇదే. ఆ వైపు లైనరు ఒకటి బ్లాకు కంటే కిందికి దిగి ఉంది, పక్కది పైకి ఉంది. ఎవరో ఎత్తు కొలవకుండా, గాస్కెట్ మళ్లీ మళ్లీ పోతోందని రెండోది వేసి, బోల్టులు ఇంకా గట్టిగా బిగించారు. ఆ బిగింపుకి అల్యూమినియంలో స్టడ్ మరలు లేచివచ్చాయి. లైనర్ల కింద సీలింగ్ రింగు బదులు గాస్కెట్ జిగురు దట్టించారు. ఆ జిగురు గట్టిపడి, ముక్కలై, కొంత ఆయిల్ పంపు జల్లెడలోకి చేరింది. ఒక గాస్కెట్ పోయిన ఇంజన్‌ను ఇంత దూరం తెచ్చింది రిపేరే.

మరల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో బోల్టులు బీఎస్ఎఫ్, విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ రకం. వాటి పానాల మీద ఉండే సైజు బోల్టు తలది కాదు, బోల్టు కాండం మందానిది. ఆ సంగతి తెలియనివాడు దగ్గరగా ఉన్న వేరే పానా పెట్టి తలలు గుండ్రంగా అరగదీస్తాడు. దానికంటే ఘోరం, మరలు చూడకుండా వేరే బోల్టు ఎక్కించడం. 5/16 అంగుళం బీఎస్ఎఫ్‌కి అంగుళానికి 22 మరలు, అదే మందం యూఎన్ఎఫ్‌కి (అమెరికన్ తరహా మరలకి) 24. మరల కోణం కూడా వేరు, ఒకటి 55 డిగ్రీలు, రెండోది 60. మొదటి రెండు చుట్లు బాగానే ఎక్కుతుంది. మూడో చుట్టు నుంచి కోసుకుంటూ పోతుంది. ఈ ఇంజన్‌లో అలాంటివి చాలాచోట్ల దొరికాయి. అన్నీ శుభ్రంగా తొలిచి, స్టెయిన్‌లెస్ హెలికాయిల్ ఇన్సర్టులు (తీగచుట్టలా ఉండే కొత్త మరలు) వేశాం.

లైనర్లు కూర్చునే కింది గట్టు గుంటలు పడింది. దాన్ని మిల్లింగ్‌లో సమం చేసి, తగ్గిన మేరకు మందం రింగులతో పూడ్చి, నాలుగు లైనర్ల ఎత్తు మాన్యువల్ కొలతలోకి తెచ్చాం. ఈ పనికి తొందర పనికిరాదు. రింగు నొక్కుకున్నాక కొలత మారుతుంది కాబట్టి లైనర్లను బిగించి, వదిలేసి, మళ్లీ కొలవాలి.

క్రాంక్‌షాఫ్ట్‌కి మాగ్నెటిక్ పరీక్ష చేయిస్తే జర్నల్ (బేరింగ్‌లో తిరిగే భాగం), వెబ్ కలిసే వంపులో వెంట్రుక లాంటి గీత కనిపించింది. ఇది కోల వెబ్‌కి ముందు రకమే. దారులు మూడున్నాయి. గీతను గ్రైండ్ చేసి అదే వాడటం, కంపెనీ చివరి రకం క్రాంక్ పాతది వెతికి వేయడం, లేదా ఉక్కు దిమ్మె నుంచి కొత్తది కోయించడం. మొదటిది నేను చేయను. రెండోదానికి కూడా అరవై ఏళ్లు దాటాయి, అది ఎవరి కారులో ఎంత తిరిగిందో తెలియదు. కొత్తది కోయించాలన్నాను. వాళ్ల నాన్నగారి కారులోది తీసేయడం యజమానికి మనసొప్పలేదు, ఖర్చూ తక్కువ కాదు. ఇంజన్ పగిలితే క్రాంక్‌కేసు కూడా పోతుందని, ఇంజన్ నంబరు ఉన్నది క్రాంక్‌కేసు మీదేనని చెప్పాక ఒప్పుకున్నారు. పాతది నూనె రాసి, చుట్టి, ఆవిడకే ఇచ్చేశాం.

కంపెనీ డిజైన్‌లోనే ఉన్న బలహీనతను బయటికి కనిపించకుండా దిద్దొచ్చు, మిగతాదంతా కంపెనీ చేసినట్టే వదలాలి. ఈ కారంతటికీ మేం పెట్టుకున్న నియమం ఇదే. అందుకే కార్బురేటర్లు మార్చలేదు. ఒక్కో వైపుకి ఒకటి చొప్పున ఉన్న రెండు జెనిత్‌లనే శుభ్రం చేసి, బుష్‌లు వేసి, సమతూకం కుదిర్చాం. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కూడా వద్దన్నాను. స్పార్కు ఇచ్చే పాత తరహా పాయింట్లు రోడ్డు పక్కన గరుకు కాగితంతో బాగవుతాయి, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ బాగవదు. రేడియేటర్ మాత్రం కొత్త కోర్ వేయించాం. ఈ కారులో అది ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ మీద ఉంటుంది కాబట్టి సగం పూడుకున్న రేడియేటర్‌తో తిరగడం మళ్లీ గాస్కెట్‌తో చెలగాటమే.

మిగతావి

బ్రేక్ సిలిండర్లకి స్టెయిన్‌లెస్ స్లీవులు, కొత్త పైపులు. వైరింగ్ మొత్తం గుడ్డ చుట్టిన కొత్త హార్నెస్. ఇంధనం గొట్టాలన్నీ ఇథనాల్‌కి ఆగే రకం వేశాం. 2021 నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసినది), పాత రబ్బరుని అది తినేస్తుంది. అయినా ఈ5 (ఐదు శాతం దాకా కలిసిన) సూపర్ మాత్రమే పోయమని చెప్పాం. సీటు తోలు చిరగలేదు కాబట్టి శుభ్రం చేసి అలాగే ఉంచాం. కొత్త తోలు వేస్తే వాళ్ల నాన్నగారు కూర్చున్న సీటు పోతుందని ఆవిడే అన్నారు, మాకూ ఒక పని తగ్గింది. రంగు పాత ఆకుపచ్చే.

విడిభాగాల గురించి భయపడేవాళ్లకి ఒక మాట. కంపెనీ మూతపడి ఏడు దశాబ్దాలు దాటినా జోవెట్‌కి సీళ్లు, గాస్కెట్లు, రబ్బరు సామాను దొరుకుతున్నాయి. కారణం 1923 నాటి జోవెట్ కార్ క్లబ్. సభ్యులే అచ్చులు చేయించి, తయారు చేయించి నిల్వ పెడతారు. ఇంతకంటే ఎక్కువ సంఖ్యలో తయారై, ఇలాంటి క్లబ్ లేని కార్లకి మాకు చుక్కలు కనిపిస్తాయి. అరుదైన కారు కొనేవాళ్లు ఎన్ని తయారయ్యాయని అడుగుతారు. అడగాల్సింది వెనక క్లబ్ ఉందా అని.

రోడ్డు మీద

నలభై ఏళ్లు దాటిన కార్లకి, పెద్ద మార్పులు చేయనంతవరకు, బ్రిటన్‌లో 2018 మే నుంచి ఎంఓటీ (ఏటా చేసే వాహన ఫిట్‌నెస్) పరీక్ష తప్పనిసరి కాదు. మేం అయినా చేయించాం. మా పనిని మా కన్ను కాకుండా ఇంకో కన్ను చూడటం మంచిదే. స్టీరింగ్ జాయింట్ ఒకదానికి సన్నటి ఆట ఉందని రాశారు, సరిచేశాం.

మొదటి రోజుల్లో ఇంజన్‌ను తేలిగ్గా నడిపి, చల్లారాక హెడ్లు మళ్లీ టార్క్ చేసి, ఆయిల్ మార్చాం. లైనర్ల ఇంజన్‌కి ఈ రెండో బిగింపు తప్పదు. తర్వాత ఆవిడ కారుని డేల్స్ కొండల్లో తిప్పారు. ఉష్ణోగ్రత నిలకడగా ఉంది, నీళ్లు తగ్గట్లేదు, కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో దాదాపు సమానం. మలుపుల్లో ఈ కారు ఎలా వెళ్తుందో నడిపితేగానీ తెలియదు. 60 హార్స్ పవర్‌తో లెమాన్‌లో క్లాసు ఎలా గెలిచిందో ఛాసిస్ చెబుతుంది.

రెండో గేరు సింక్రో (గేరు గరగర లేకుండా పడేలా చేసేది) బలహీనంగా ఉంది. గేర్‌బాక్స్ బాగా నడుస్తోంది కాబట్టి మొదటి విడతలో తెరవలేదు. దాని వెనక సీలు నుంచి ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. ఈ చలికాలం ఆ రెండింటి కోసం కారు మళ్లీ వస్తుంది. గేర్‌బాక్స్ దించినప్పుడే క్లచ్ ప్లేటు, స్పిగాట్ బుష్ కూడా చూస్తాం, ఛాసిస్ కొత్త అతుకుల మీద డై పెనెట్రెంట్ (రంగు ద్రవంతో పగుళ్లు బయటపెట్టే) పరీక్ష ఇంకోసారి చేస్తాం.